మోకాలికీ బావినీళ్లకూ ముడి

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొద్దంటారు. బావినీళ్లకూ మోకాలికీ మాత్రం ముడి ఉంది. దాని కొస ముందుగా రైతుల కంటపడింది, అదీ ఎడ్ల కాళ్లల్లో. 1930లలో ఆంధ్ర పల్లెల్లో కీళ్లు బిగుసుకుపోయి ఎడ్లు అడుగు తీసి అడుగేయలేకపోయేవి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్లో అదే జబ్బును, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను, డాక్టర్లు నమోదు చేశారు.

నల్లగొండ కథ ఇంకా చిత్రం. ఇక్కడ పడుచు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నాయని 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, తినే జొన్నల్లో మాలిబ్డినం పెరిగి ఒంట్లోని రాగిని తగ్గిస్తోందేమోనన్నది వాళ్ల అనుమానం. నాగార్జునసాగర్ కాల్వలొచ్చాక భూగర్భజలం పైకెక్కి నేల మారడమే ఇందుకు మూలమనీ అన్నారు. మేలు చేసే నీళ్ల వెంట ఇదొకటి!

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఇథియోపియా, టాంజానియాల్లోనూ వాడారు. మన తిరుమలగిరి 2016లో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లాలోకి మారింది గానీ, ఆ పద్ధతి పేరు మారలేదు.

ఇక వయసుతో, పనితో వచ్చే నొప్పుల సంగతి. తిరుమలగిరి చేలల్లో వంగి నాటేస్తే నడుం, గొంతుక్కూర్చుని కలుపు తీస్తే మోకాలు. 'గుజ్జు అరిగింది' అంటాం కదా, ఆ గుజ్జుకు రక్తనాళాలే లేవు. అడుగేస్తే నలిగి, ఎత్తితే స్పాంజిలా కీలులోని ద్రవాన్ని పీల్చుకుంటుంది. నడకే దాని బువ్వ. మంచం పట్టి కాపాడుకుందామంటే పస్తే.

మెట్లెక్కితే టకటకమనే మోకాళ్లకు భయపడొద్దు. నొప్పీ వాపూ లేకపోతే ఆ చప్పుడు చాలావరకు హానిచేయదు.

బరువు కిలో తగ్గితే అడుగడుగునా మోకాలికి నాలుగు కిలోలు దిగినట్టు. మోకాళ్లరుగుదల ఉన్న బరువైన పెద్దవాళ్లను పరిశీలించి 2005లో అమెరికన్లు చెప్పిన లెక్క ఇది.

మోకాలిని మోసేది తొడ కండ. కుర్చీలో కూర్చుని కాలు చాపి, అయిదు లెక్కపెట్టి దించండి, రోజుకు పదిసార్లు. నొప్పులున్నవాళ్లు వినాయకుడి ముందు గుంజీలు సగమే తీయండి. ఆ బొజ్జతో ఆయనకూ మోకాళ్ల బాధ తెలిసే ఉంటుంది.