బీటీ పత్తిలో మాంసకృత్తి స్థాయి – పైరు వయస్సు, నత్రజని ప్రభావం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూముల్లో మిరపతో పాటు పత్తి ప్రధాన వాణిజ్య పంట. దేశంలో 2002లో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించిన తర్వాత శనగపచ్చ పురుగుపై పిచికారీలు గణనీయంగా తగ్గాయి. అయితే బీటీ విత్తనం వేసినంత మాత్రాన పైరుకు చివరి వరకు ఒకే స్థాయిలో రక్షణ లభించదు. జన్యువు ప్రతి కణంలోనూ ఉన్నప్పటికీ, పురుగును చంపే క్రై1ఏసీ మాంసకృత్తి ఎంత తయారవుతుందన్నది మొక్క భాగం, వయస్సు, పోషణ, వాతావరణాలపై ఆధారపడి ఉంటుంది.

నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ మాంసకృత్తి ఆకులలో అధికంగాను, పూల అండాశయంలోను, పచ్చికాయల తొక్కలోను అత్యల్పంగాను ఉంటుంది. శనగపచ్చ పురుగును అదుపు చేయడానికి గ్రాము కణజాలానికి కనీసం 1.9 మైక్రోగ్రాములు అవసరం కాగా, విత్తిన 110 రోజుల తర్వాత స్థాయి అంతకన్నా తగ్గినట్లు తేలింది.

మాంసకృత్తుల తయారీకి నత్రజని మూలం. కాయలు ఊరే దశలో ఆకులలోని నత్రజని గింజలకు తరలిపోతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువును పెంచి జరిపిన ప్రయోగాలలో, నత్రజని తక్కువగా అందిన మొక్కల్లో బీటీ మాంసకృత్తి తగ్గింది. నత్రజని తగినంత అందించినప్పుడు ఆ లోటు చాలావరకు తీరింది. కాయ దశలో అధిక ఉష్ణోగ్రత కూడా దీనిని తగ్గిస్తుంది.

గులాబీ రంగు పురుగు ఉద్ధృతి పెరిగేది సరిగ్గా ఈ చివరి దశలోనే. పైగా సంకర మొక్కల కాయల్లో గింజలు జన్యుపరంగా ఒకే తీరున ఉండవు. సుమారు నాలుగో వంతు గింజల్లో క్రై1ఏసీ జన్యువే ఉండదు. అందువల్ల పురుగు తక్కువ మోతాదుకు గురై బతికి, నిరోధక శక్తిని పెంచుకుంటుంది. గుజరాత్‌లో క్రై1ఏసీకి ఇటువంటి నిరోధకత ఏర్పడినట్లు 2010లో వెల్లడైంది. అటుపై రెండు జన్యువులు గల బీజీ-2 సంకరాలనూ ఈ పురుగు తట్టుకొంటోంది.

కాబట్టి క్షేత్రస్థాయిలో విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అంశాలపై దృష్టి సారించాలి.

• సిఫారసు చేసిన నత్రజనిని దఫాలుగా వేయించాలి. మోతాదు మించితే రసం పీల్చే పురుగులు పెరుగుతాయి.

• 45 రోజుల నుండి లింగాకర్షక బుట్టలు అమర్చాలి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే సస్యరక్షణ చేపట్టాలి. గుడ్డిపూలను ఏరి నాశనం చేయాలి.

• నీటి వసతి ఉన్నా పంటను 150–160 రోజులకు ముగించి, మోళ్లను తొలగించి, ఆరుతడి పంట వేయించాలి. పంటకాలం పొడిగిస్తే అదనంగా వచ్చే కొద్దిపాటి పత్తికి ప్రతిగా మరుసటి ఏటి పంటకు పురుగును అందించినట్లవుతుంది.