దీప్తి పరుగు

వరంగల్ జిల్లాలో కల్లెడ అనే ఊరుంది. జీవాంజి దీప్తి ఆ ఊరి పిల్ల. అమ్మానాన్నలు కూలి చేసేవాళ్ళు. దీప్తికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. "ఈ పిల్లను అనాథాశ్రమంలో వేయండి" అన్నారు కొందరు. తల్లిదండ్రులు వినలేదు. బడికి పంపారు.

బడిలో దీప్తి బాగా ఉరికేది. శిక్షకుడు నాగపురి రమేశ్ అది చూశారు. హైదరాబాద్‌లో నేర్పించారు.

వికలాంగుల ఆటల్లో ఒకే రకం లోపం ఉన్నవాళ్ళకు ఒక పోటీ పెడతారు. 2024 మే నెలలో జపాన్‌లో దీప్తి 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. బంగారు పతకం వచ్చింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది.

1968లో పారాలింపిక్స్‌కు మన దేశం నుండి 10 మందే వెళ్ళారు. 2024లో 84 మంది వెళ్ళి 29 పతకాలు తెచ్చారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లోనూ ఇలాంటి పిల్లలుంటారు. వాళ్ళను ఇంట్లో దాచకండి. బడికి పంపండి. ఆడనివ్వండి.