చిన్న కుక్కతో కొండదారి

తొండూరు వైపు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్తూ పొమేరియన్‌నో, డాష్‌హౌండ్‌నో వెంట తీసుకెళ్లేవారు దారిని తమ కాళ్లను బట్టి కాదు, దాని పొట్టను బట్టి ఎంచుకోవాలి. పొట్టి కుక్క పొట్ట నేలకు జానెడు కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది. కాగిన బండ సెగ నేరుగా దానికే తగులుతుంది. కుక్కకు చెమట దాదాపు అరికాళ్లలోనే పడుతుంది, ఒళ్లు చల్లబడాలంటే రొప్పాల్సిందే. ఈ సీమ ఎండలో ఇదేం షికారు అంటారా? కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, తెల్లవారాక రెండు గంటలు చాలు. బండమీద అరచేయి ఏడు క్షణాలు ఆనించలేకపోతే వెనక్కి తిరగాలి. పెన్నా లోయ అంచున పట్టీ వదలకూడదు.

లంకమల అభయారణ్యం సంగతి మాత్రం వేరు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలోని ఈ అడవుల్లోనే మళ్లీ కనిపించింది. అది పొదల మధ్య నేలమీద బతికే, రాత్రిపూట తిరిగే పక్షి. గొర్రెల కాపరుల కుక్కలు తిరగడం లేదా అని అడగొచ్చు. తిరుగుతాయి; కానీ ఆ కుక్కలు బతుకుతెరువు కోసం వెళ్తాయి, మనది సరదా. పైగా ఉన్న బెడదకు మరొకటి కలపడానికి అది సాకు కాదు. బెడద పక్షులకే కాదు, కుక్కల్లో కనిపించే డిస్టెంపర్ వైరస్ 2018లో గిర్ సింహాలను సైతం బలిగొంది. టీకాలు వేయించిన కుక్కనైనా అభయారణ్యం బయటే నడిపించాలి. నడవడానికి గండికోట వైపు ఎర్రమల బండదారులు ఎటూ ఉన్నాయి.