బొమ్మ కారుకు వంటింటి తివాచీ

పైన నిగనిగలాడే రంగు, ముందు తళతళ మెరిసే బంపరు, కింద గిర్రున తిరిగే చక్రాలు. చూస్తే అచ్చం అసలు కారే! అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తే మాత్రం బండారం బయటపడుతుంది. సీట్ల కింద నున్నటి ప్లాస్టిక్ నేల. నమూనా కార్లు తయారుచేసే అభిరుచి ఉన్నవారిలో చాలామంది శ్రమ ఇక్కడే బూడిదలో పోసిన పన్నీరవుతోంది. నేల మీద తివాచీ పరిస్తే గాని బొమ్మకు నిండుదనం రాదు. అలాగని విదేశీ సరుకు తెప్పించుకోనవసరం లేదు. వంటసోడా, ఉన్ని దారం, టీ వడగట్టే జల్లెడ, కాస్త జిగురు ఉంటే చాలు.

లెక్క ముందు, సరుకు తరువాత

కొత్తగా ఈ పనిలో దిగినవారు దర్జీ దుకాణంలో వెల్వెట్ ముక్క అడిగి తెచ్చి అతికిస్తుంటారు. చేతికి మెత్తగానే ఉంటుంది. కంటికే ఎబ్బెట్టుగా ఉంటుంది. కారణం లెక్కలో ఉంది. నమూనాలు చాలావరకు అసలు కారులో 24వ వంతు ఉంటాయి. నాలుగు మీటర్లు దాటిన అంబాసిడర్ ఈ కొలతలో సుమారు 18 సెంటీమీటర్లకు వస్తుంది. అసలు కారు తివాచీ నూగు 6 మిల్లీమీటర్లు ఉంటే, బొమ్మలో అది పావు మిల్లీమీటరే ఉండాలి. వెల్వెట్ నూగు ఒక్క మిల్లీమీటరున్నా అసలు కారులో 24 మిల్లీమీటర్లతో సమానం. అంటే దాదాపు అంగుళం. అది తివాచీ కాదు, కోతకు వచ్చిన గడ్డి! పాత తువ్వాలు, దుప్పటి ముక్కలదీ ఇదే వరస.

సోడాతో గరుకుదనం

అన్నిటికన్నా తేలిక సోడా పద్ధతి. సీట్లు, పెడల్స్ బిగించక ముందే నేలకు తివాచీ రంగు ఎనామెల్ పెయింటు పూయాలి. తడి ఆరకముందే జల్లెడతో వంటసోడాను పలచగా, సమానంగా చల్లాలి. నీటిలో కలిపే రంగులు వాడితే సోడా కొంత కరిగిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి, తలకిందులు చేసి తడితే అంటుకోని పొడి రాలిపోతుంది. మిగిలిన తెల్లదనం కనిపించకుండా అదే రంగును పలచన చేసి కుంచెతో అద్దాలి. రుద్దితే పొడి లేచిపోతుంది. ఆరిన తరువాత చూస్తే పొట్టి నూగు తివాచీ పరిచినట్లే ఉంటుంది.

ఉన్నితో నూగు

మెత్తగా కనిపించే తివాచీ కావాలంటే స్వెట్టర్లు అల్లే ఉన్ని దారం వాడాలి. పదునైన కత్తెరతో దారం కొసను వీలైనంత సన్నగా, పిండిలా కత్తిరించుకోవాలి. ఓపికతో కూడిన పని ఇదే. నేలకు ముందుగా అదే రంగు వేస్తే, నూగు పలచబడ్డ చోట ప్లాస్టిక్ బయటపడదు. ఫెవికాల్‌లో కొద్దిగా నీరు కలిపి పూసి, ఉన్ని పొడిని జల్లెడతో దట్టంగా రాల్చాలి. అడుగు నుంచి వేలితో తడుతుంటే నూగు కుదురుకుంటుంది. కర్మాగారాల్లో ఇదే పనికి అధిక వోల్టేజి విద్యుత్తు వాడి నూగును నిటారుగా నిలబెడతారు. పని జరిగేటప్పుడు ఫ్యాను ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

నేల మధ్యలో గేరుబాక్సు, షాఫ్టు కోసం ఉబ్బెత్తు ఉంటుంది. ముందుగా కాగితంతో ఆ వంపులకు సరిపడా అచ్చు కత్తిరించుకుని, దాని మీదే నూగు అతికించి ఆరిన తరువాత లోపల పరిస్తే, పొరపాటు జరిగినా బొమ్మ చెడదు. డ్రైవరు మడమ ఆనే చోట నల్లని సన్నరకం గరుకు కాగితం చిన్న ముక్క అతికిస్తే రబ్బరు మ్యాటు సిద్ధం. పెన్సిలు పొడి చిటికెడు రుద్దితే, వాడిన కారు కళ వస్తుంది.

డ్రైవరును అడగాలి

అన్ని కార్లకూ తివాచీ నప్పదు. అద్దెకు తిరిగిన అంబాసిడర్లలో రబ్బరు మ్యాట్లో, కొబ్బరి పీచు మ్యాట్లో కనిపించేవి. అధికారుల కార్లలో సీట్ల మీద తెల్ల తువ్వాళ్లు పరిచేవారు. ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. మిగిలిన బండ్లు ఒక్కొక్కటే తుక్కుకు చేరుతున్నాయి. కారు పై రూపు ఫోటోల్లో దొరుకుతుంది. కాళ్ల కింద ఏముండేదో ఆ కారు నడిపినవారికే తెలుసు. బొమ్మ చేయదలచిన కుర్రకారు షెడ్డులో మూలపడ్డ బండి తలుపు ఒకసారి తెరిచి కొలతలు రాసుకోవాలి. దాన్ని నడిపిన పెద్దాయనను పలకరించాలి. ఆయన చెప్పే నాలుగు మాటలే అసలు నమూనా. సోడా, ఉన్ని ఎలాగూ ఇంట్లోనే ఉన్నాయి.