యాళి ఏమి తిని బతకాలి?

పిల్లలూ! విజయనగర రాజుల కాలంనాటి గుళ్లకు వెళ్లినప్పుడు మీరొక విచిత్ర జంతువును చూసే ఉంటారు. అది స్తంభానికి ఆనుకుని, ముందుకాళ్లు పైకెత్తి, గుడ్లురిమి చూస్తూ, ఇప్పుడే మీదికి దూకేటట్టు ఉంటుంది. దాని పేరు యాళి. అనంతపురం జిల్లా తాడిపత్రిలో చింతల వేంకటరమణస్వామి గుడిలోనూ, తుంగభద్ర ఒడ్డున హంపీలో విఠలస్వామి గుడిలోనూ యాళి స్తంభాలున్నవి.

యాళి ఒంటికి సింహమే గాని, తల మాత్రం ఒక్క తీరున ఉండదు. సింహం తల ఉంటే సింహయాళి. తొండం, దంతాలు ఉంటే గజయాళి. గుర్రం తల ఉంటే అశ్వయాళి. కొన్నిచోట్ల ఏనుగును కాళ్లకింద తొక్కిపట్టినట్టు కూడా చెక్కారు. ఏనుగునే అణచిన జంతువంటే ఇక దాని బలం చెప్పాలా!

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలు, "అయ్యవారూ, యాళి నిజంగా ఉండేదా?" అని అడిగేవారు. ఉండేది కాదు. అది శిల్పి ఊహలో పుట్టిన జంతువు. కాని "లేదు" అని ఊరుకుంటే పాఠమేముంది? ఎందుకు ఉండలేదో తెలుసుకోవాలి. రండి, యాళిని స్తంభం మీదినుంచి దింపి, మన అనంతపురం మెట్టనేలల్లో వదిలిచూద్దాం.

ముందు దాని నోరు తెరిచి చూద్దాం. సింహం పళ్లు కత్తెరవంటివి. మాంసాన్ని ముక్కలుగా కోస్తవి. ఏనుగు దవడపళ్లు తిరగలి రాళ్లవంటివి. గడ్డినీ, కొమ్మలనూ నూరుతవి. ఆకూ అలమూ అరగడానికి పొడుగాటి పేగు కావాలి. మాంసానికి పొట్టి పేగు చాలు. ఇప్పుడు గజయాళి సంగతి ఆలోచించండి. తల ఏనుగుది, పొట్ట సింహానిది. నోరు గడ్డి నమిలితే పొట్టకు అరగదు; పొట్ట మాంసం అడిగితే నోరు కొయ్యలేదు. పాపం, అది వారం తిరక్కుండానే ఆకలితో పడిపోతుంది!

ఒక జంతువు అవయవాలన్నీ ఒకదానికొకటి సరిపడి ఉండాలని గట్టిగా చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జార్జి కువియే (1769–1832). ఆయన మీద ఒక తమాషా కథ చెబుతారు. ఒకనాటి రాత్రి శిష్యుడొకడు కొమ్ములూ గిట్టలూ తగిలించుకుని దయ్యం వేషంలో వచ్చి, "నిన్ను తింటాను!" అని అరిచాడట. కువియే వాణ్ణి ఎగాదిగా చూసి, "కొమ్ములున్నవి, గిట్టలున్నవి. నువ్వు గడ్డి తినేదానివి. నన్నెలా తింటావు?" అని మళ్లీ పడుకున్నాడట!

సరే, గజయాళిని వదిలేద్దాం. సింహయాళికి పళ్లూ పొట్టా సరిపోయినవి గదా, అది బతుకుతుందా? ఇక్కడ చిన్న లెక్క చెయ్యాలి.

వేటాడే జంతువు తన చుట్టూ ఉన్న మందనంతా తినెయ్యకూడదు. అసలు కరగకుండా వడ్డీతో బతికేవాడిలాగా, ఏటేటా పుట్టే పిల్లలలో కొంత భాగంతోనే సరిపెట్టుకోవాలి. మాంసాహారి బరువులో ప్రతి కిలోకూ సుమారు 110 కిలోల వేట జంతువులు ఆ చుట్టుపక్కల ఉండాలని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఏనుగును అణచే యాళి కనీసం 3,000 కిలోలన్నా ఉండదా? అంటే దానికి 3,30,000 కిలోల జంతువులు కావాలి. కృష్ణజింక ఒక్కొక్కటి 30 కిలోలనుకుంటే, ఒక్క యాళికి 11,000 జింకలన్నమాట! జాతి నిలవాలంటే ఒక్క యాళి చాలదు. ఆడా మగా పిల్లా జెల్లా కావాలి. అన్ని జింకలను ఎక్కడనుంచి తెస్తాం?

అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసిపోతవి. తూర్పు సముద్రం దూరం. వాన తక్కువైతే గడ్డి తక్కువ, గడ్డి తక్కువైతే జింక తక్కువ. కరవు సీమ యాళిని పోషించలేదు.

మరి ఈ నేల పోషించగలిగిన వేటజంతువు ఏది? తోడేలు! మన తోడేలు సుమారు 20 కిలోలు ఉంటుంది. అదే లెక్కన దానికి 73 జింకలంత మేత చాలు. అందులోనూ అది జింకనే పట్టుకు కూర్చోదు. కుందేలు, ఎలుక, గొర్రెపిల్ల, ఏది దొరికితే అది తింటుంది. పొడుగాటి కాళ్లతో మైళ్లకొద్దీ అలుపులేకుండా తిరుగుతుంది. ఎండుగడ్డి రంగు ఒళ్లు కాబట్టి పది బారల దూరంలో ఉన్నా మన కంట పడదు. ఆడతోడేలు రెండు నెలలు మోసి, బొరియలో పిల్లలను పెడుతుంది. పెద్దవి తిన్న మాంసాన్ని కడుపులో మోసుకొచ్చి, పిల్లల ముందు కక్కి తినిపిస్తవి. కరవు సీమలో సంసారం అలా నడుస్తుంది.

ఇప్పుడు ఆ తోడేలుకే చోటు తగ్గిపోతున్నది. 2022లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మన దేశం మొత్తంమీద పెద్ద తోడేళ్లు సుమారు 3,000 మాత్రమే. బీళ్లు తగ్గుతున్నవి, ఊరకుక్కల రోగాలు వాటికి సోకుతున్నవి. గొర్రెలు పోయిన కోపంతో బొరియల్లో పొగపెట్టి పిల్లలను చంపడమూ ఉన్నది. కాపరి కోపం ఉత్తిది కాదు. ఎండనక వాననక మేపిన గొర్రెపిల్ల పోతే ఆ ఇంటికి పెద్ద నష్టమే. అందుకే మన పెద్దలు రొప్పం చుట్టూ ముళ్లకంప ఎత్తుగా వేసేవారు, మంచి కుక్కలను పెంచేవారు, రాత్రిళ్లు మంద దగ్గరే కంబళి కప్పుకుని పడుకునేవారు. ఇది మందనూ కాపాడే పద్ధతి, తోడేలునూ చంపని పద్ధతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి పట్టికలో పులితోపాటు తోడేలు పేరు కూడా ఉన్నది. దాన్ని చంపడం నేరం.

బీట్లో ఎక్కడన్నా బొరియ కనిపిస్తే దగ్గరికి పోకండి, రాళ్లు వెయ్యకండి, చెయ్యి పెట్టకండి. ఇంట్లో పెద్దలకు చెప్పండి. వారు అటవీశాఖవారికి తెలియజేస్తారు.

ఇక మీకొక పని. ఈసారి గుడికి వెళ్లినప్పుడు రాతిమీద కనిపించిన ఒక్కొక్క జంతువును చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి. దాని పళ్లు ఎలాంటివి? కాళ్లకు గోళ్లున్నవా, గిట్టలున్నవా? అది ఏమి తిని, ఎక్కడ బతకగలదు? జవాబులు నోటుబుక్కులో రాసుకోండి. తరవాత ఊరి బయట బీట్లో తిరిగే జంతువులను గురించి కూడా దూరంనుంచి చూసి, అవే మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.