ధ్రువరాత్రిలో దూరదర్శిని

దూరదర్శినికి చీకటి, నిర్మలాకాశము చాలునని మనము అనుకొందుము. కొన్నిటికి గాలిలో తేమ కూడ ఉండరాదు. విశ్వపు తొలినాళ్ళనుండి వచ్చుచున్న సూక్ష్మతరంగములను నీటియావిరి పీల్చివేయును. దక్షిణధ్రువము సముద్రమట్టమునకు సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉన్నది. అచటి చలికి గాలిలో తేమ నిలువదు. అందుచేతనే 10 మీటర్ల పళ్ళెముగల దక్షిణధ్రువ దూరదర్శిని 2007 నుండి అచట పనిచేయుచున్నది.

ధ్రువమున నక్షత్రములు ఉదయింపవు, అస్తమింపవు. ఒకే ఎత్తున చుట్టు తిరుగును. కనుక ఒకే ఆకాశభాగమును నెలల తరబడి విడువక పరిశీలింపవచ్చును.

చలికాలమంతయు దీనిని నడుపువారు ఇద్దరే. సున్నకు దిగువ 60 డిగ్రీల చలిలో, చీకటిలో, బసనుండి సుమారొక కిలోమీటరు నడువవలెను. ఫిబ్రవరిలో చివరి విమానము పోయినచో సాధారణముగ అక్టోబరు దాక మరొకటి రాదు. ఏది చెడినను చేతనున్న సామగ్రితోనే బాగుచేసికొనవలెను.

2017 ఏప్రిలులో పాలపుంత నడిమి కృష్ణబిలమును పలుదేశముల దూరదర్శినులతోపాటు ఇదియు పరిశీలించినది. ఆ సమాచారము ఉపగ్రహముద్వారా పంపరానంత అపారము. డిస్కులు పరిశోధనాలయమును చేరుసరికి డిసెంబరు వచ్చినది. చిత్రము 2022లో వెలువడినది. సుమారు 27 వేల కాంతిసంవత్సరములు పయనించి వచ్చిన వార్త, ఒక విమానముకొరకు చలికాలమంతయు మంచులో వేచియుండెను!