పాత కారు రంగు లేపే ముందు

పావగడ ఎండ ఎలాంటిదో తెలియాలంటే తిరుమణి వైపు వెళ్ళి చూడాలి. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు అక్కడ వెలసింది ఆ ఎండను నమ్ముకునే. ఏళ్ళ తరబడి ఆరుబయట నిలబడ్డ పాత అంబాసిడర్ మీద కూడా అదే ఎండ పనిచేస్తుంది. అతినీలలోహిత కిరణాలు పెయింట్‌లో జిగురుగా ఉండే అణువుల గొలుసుల్ని తెంచేస్తాయి. పట్టు తప్పిన రంగు పొడిపొడిగా వేలికి అంటుకొస్తుంది. ముందు టాపు, బానెట్టు పాలిపోతాయి. డిక్కీ లోపల మాత్రం ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా పదిలంగానే ఉంటుంది. 2014లో తయారీ ఆగిపోయిన బండి కదా, దాని అసలు రంగుకు ఆ డిక్కీయే సాక్ష్యం. గీకుడు మొదలుపెట్టకముందే అక్కడ ఒక చెయ్యంత చోటు ముట్టకుండా వదిలేయమని నా సలహా.

పైన ఉన్న పెయింట్ ఏ రకమో తేల్చుకోవడానికి థిన్నర్‌లో తడిపిన తెల్లగుడ్డ చాలు. ఒక మూల రుద్దితే గుడ్డకు రంగు దిగిందా, అది నైట్రోసెల్యులోజ్ లక్కర్. ద్రావకం ఆవిరై గట్టిపడిన పెయింట్ అది, ద్రావకం తగలగానే మళ్ళీ కరుగుతుంది. ఎనామెల్ అయితే కరగదు, మెత్తబడి ముడతలు పడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాని నూనె అణువులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. హార్డెనర్ కలిపి కొట్టిన పాలీయురెథేన్ అయితే చలించనే చలించదు. బట్ట చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ పోతే, పట్టు సడలిన చోట లోపల పుట్టీ మందంగా ఉందన్నమాట. ఆ చోట్ల కింద సొట్టో తుప్పో దాగి ఉంటుంది.

ఇక లేపడం. షాపుల్లో దొరికే పెయింట్ రిమూవర్లలో చాలాకాలంగా రాజ్యమేలింది డైక్లోరోమీథేన్. చాలా చిన్న అణువు కాబట్టి పెయింట్ వలలోకి సులువుగా దూరిపోతుంది. పొర ఉబ్బుతుంది, కింద రేకు ఉబ్బదు. ఆ తేడాకు పట్టు తెగి, నానిన శనక్కాయ గింజ పొట్టులా పెయింట్ ముడతలు పడి లేస్తుంది. అయితే ఈ ద్రావకం మరిగేది 40 డిగ్రీల దగ్గరే. ఏప్రిల్ మధ్యాహ్నం పావగడలో ఎండకు కాగిన బానెట్టు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. పూసిన మందు పని చేయకముందే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, షెడ్డులో నేలబారున, గుంతల్లో నిలిచిపోతుంది. పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ దీన్ని ఆపలేదు. ఇళ్ళలో వాడే పెయింట్ రిమూవర్లలో దీని అమ్మకాన్ని అమెరికా 2019లో నిషేధించింది. ఇది లేని రిమూవర్లు నెమ్మదిగా పనిచేస్తాయి. పోనీ, ఒక పూట ఎక్కువ పట్టనివ్వండి. చల్లటి ఉదయం, నీడలో, గాలి ఆడే చోటే ఆ పని జరగాలి.

మందు వద్దని ఎమరీ పేపర్ పడితే అక్కడ దుమ్ము. పాత కార్ల పసుపు, నారింజ రంగుల్లో సీసపు సమ్మేళనాలు వాడేవారు. మన దేశంలో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసిన 2016 నాటి నిబంధనలు ఇళ్ళకు, అలంకరణకు వాడే పెయింట్లకే వర్తిస్తాయి, కార్ల పెయింట్లకు కాదు. పొడి రుద్దుడులో లేచే ఆ దుమ్ము పనివాడి చొక్కాతో ఇంటికెళ్ళి, పసిపిల్లల మెదడుకు చేటు చేస్తుంది. నీళ్ళ పేపర్‌తో తడిపి రుద్దితే దుమ్ము లేవదు. ఆ బురదను కూడా గుడ్డతో ఎత్తి పారేయాలి గానీ ఆరనివ్వకూడదు.

ఇసుక బ్లాస్టింగ్ జోలికి మాత్రం పోవద్దంటాను. పగిలిన ఇసుక రేణువుల సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మానని సిలికోసిస్ తెస్తుంది. బ్రిటన్ 1949 నిబంధనలతోనే బ్లాస్టింగ్‌లో ఇసుకను పక్కన పెట్టింది. కారుకూ నష్టమే. వేడికి రేకు వంకర పోతుందని చాలామంది అనుకుంటారు. వేడికంటే దెబ్బల పాపమే ఎక్కువ: లక్షల రేణువులు ఒక పక్కనే కొట్టడంతో ఆ పక్క లోహం సాగుతుంది, రెండో పక్క సాగదు, వెడల్పాటి టాపు అలలు తిరుగుతుంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమకు 1986 శతజయంతి కోసం మరమ్మతు చేసినప్పుడు, లోపలి రాగి రేకు మీది తారును వంటసోడా పొడి చిమ్మి తీశారు. సోడా స్ఫటికాలు మెత్తన, తగలగానే పిండైపోతాయి, రేకుకు గాయం కాదు. అందుకే అవి తుప్పును కూడా వదిలించలేవు.

సోడా పొడి మిగిలితే కొత్త ప్రైమర్ అంటదు, కడగాల్సిందే. ఇక్కడే పావగడ వాళ్ళు జాగ్రత్తపడాలి. ఈ తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పళ్ళు, ఎముకలు చెప్పిన సంగతే. నీటితో పాటు కరిగి వచ్చే ఏ లవణమైనా రేకు మీదే ఆరిపోతుంది. ఆ ఉప్పు పెయింట్ కింద ఉండిపోతే పైనుంచి తేమను లోపలికి లాక్కుంటుంది. కొన్నాళ్ళకు నున్నటి కొత్త రంగు మీద బొబ్బలు లేస్తాయి, వాటి కింద తుప్పు మొదలవుతుంది. చివరి కడుగు తాగడానికి తెచ్చుకునే శుద్ధి చేసిన నీళ్ళతో చేయాలి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి. ఆ తర్వాత ఒట్టి చేత్తో తాకినా చెమటలోని ఉప్పు వేలిముద్రల ఆకారంలోనే తుప్పు పుట్టిస్తుంది.

మంగళూరు లాంటి తీరంలో కంటే ఈ పొడి గాలిలో బట్టబయలు రేకు ఎక్కువ గంటలు తట్టుకుంటుంది, నిజమే. కానీ రాత్రి చల్లబడ్డ ఇనుము మీద తెల్లవారేసరికి కంటికి కనబడని తేమ పొర చేరుతుంది. ఎపాక్సీ ప్రైమర్ ఆ రోజు పొద్దుగూకకముందే పడాలి.